ఏడు ప్రపంచకప్పులు ఆడింది, ఒక్క కప్పూ లేదు: ఫోర్మిగా ఆటను ఎలా అర్థం చేసుకోవాలి?

2021 నవంబర్ 25న బ్రెజిల్‌లోని మనౌస్ నగరంలో భారత మహిళల జట్టు బ్రెజిల్‌తో ఫుట్‌బాల్ ఆడింది. మనవాళ్లు 6-1తో ఓడిపోయారు. అయినా ఆ మ్యాచ్‌ని మన అభిమానులు ఇష్టంగానే గుర్తు చేసుకుంటారు. మొదటి నిమిషంలోనే గోల్ ఇచ్చేసిన జట్టుకి ఎనిమిదో నిమిషంలో మనీషా కల్యాణ్ గోల్ కొట్టి స్కోరు సమం చేసింది. బ్రెజిల్ మీద, బ్రెజిల్ గడ్డ మీద మనమ్మాయి కొట్టిన గోల్ అది. ఆ కాసేపు ఎంత సంబరమో!

స్టేడియానికి వచ్చిన బ్రెజిల్ జనం మాత్రం ఇంకో మనిషి కోసం ఎదురు చూశారు. రెండో సగంలో ఆమె సబ్‌స్టిట్యూట్‌గా దిగింది. అప్పటికి ఆమె వయసు 43. అసలు పేరు మిరాయిల్డెస్ మాసియెల్ మోటా. ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, లోకానికంతా ఆమె ఫోర్మిగా. పోర్చుగీసులో ఆ మాటకు చీమ అని అర్థం. తన కోసం కాకుండా గుంపు కోసం పరుగులు పెడుతుందని చిన్నతనంలోనే ఆ పేరు పెట్టారు. దేశం తరఫున ఆమె ఆడిన ఆఖరి మ్యాచ్ అదే.

1995 నుంచి 2019 దాకా వరుసగా ఏడు ప్రపంచకప్‌లు. 1996 నుంచి టోక్యో దాకా వరుసగా ఏడు ఒలింపిక్స్. ఏడు ప్రపంచకప్‌లు ఆడిన ఫుట్‌బాలర్, ఆడవాళ్లలో గానీ మగవాళ్లలో గానీ, ఆమె తప్ప ఇంకొకరు లేరు. అయితే ఆ ఏడింటిలో ఒక్క ప్రపంచకప్పూ బ్రెజిల్ గెలవలేదు. ఏడు ఒలింపిక్స్‌లో ఒక్క స్వర్ణమూ రాలేదు. ఫిఫా ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమె సహచరి మార్తాకు ఆరుసార్లు వచ్చింది, ఫోర్మిగాకు ఒక్కసారీ రాలేదు.

ఈ లెక్కలు చూసినవాళ్లు రెండు ప్రశ్నలు వేస్తుంటారు. అంత గొప్ప ప్లేయర్ అయితే కప్పు ఎందుకు లేదు అనేది ఒకటి. 43 ఏళ్ల దాకా జట్టులో చోటు దొరికిందంటే మహిళల ఫుట్‌బాల్లో పోటీ అంత తక్కువా అనేది రెండోది. రెండూ అడగదగ్గ ప్రశ్నలే. ఒక్క ముక్కలో తేలేవి మాత్రం కాదు. ఒక పాత చట్టం, మైదానంలో ఆమె నిలబడిన చోటు, పుట్టి చచ్చిపోతూ వచ్చిన లీగులు, ఈ మూడూ ఆమె కెరీర్‌లో ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. ఒక్కొక్క పోగూ విడదీసి చూద్దాం.

పుట్టేనాటికి ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నిషేధం

ఫోర్మిగా 1978 మార్చి 3న బహియా రాష్ట్రంలోని సాల్వడోర్‌లో పుట్టింది. ఆ రోజుకి బ్రెజిల్‌లో ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడటం నిషిద్ధం. ఇది ఊరి కట్టుబాటు కాదు, రాసిపెట్టిన చట్టం. 1941 ఏప్రిల్‌లో జెతూలియో వర్గాస్ ప్రభుత్వం 3199 నంబర్ డిక్రీ తెచ్చింది. అందులోని 54వ అధికరణం ప్రకారం స్త్రీ స్వభావానికి సరిపడని క్రీడలు ఆడవాళ్లు ఆడకూడదు. ఏవి సరిపడవో 1965లో జాతీయ క్రీడా మండలి జాబితా రాసింది. ఫుట్‌బాల్, ఫుట్సాల్ (ఇండోర్‌లో ఆడే చిన్న ఫుట్‌బాల్), బీచ్ ఫుట్‌బాల్, రగ్బీ, వెయిట్‌లిఫ్టింగ్ అన్నీ అందులో ఉన్నాయి. ఈ నిషేధం 1979 దాకా ఎత్తేయలేదు. మహిళల ఫుట్‌బాల్‌కు సక్రమంగా నియమాలు రాసేసరికి 1983 వచ్చింది.

ఈ 38 ఏళ్లలోనే బ్రెజిల్ పురుషుల జట్టు 1958, 1962, 1970లలో మూడు ప్రపంచకప్‌లు గెలిచింది. పెలే, గరించాలను చూసి దేశమంతా ఊగిపోయిన కాలం అది. సరిగ్గా అదే కాలంలో ఆ దేశపు సగం జనాభాకి బంతి ముట్టుకునే హక్కు లేదు. ఈ రెండు వాస్తవాలనూ పక్కపక్కన పెట్టుకుని చూడకపోతే ఆ తర్వాత జరిగిందేదీ సరిగ్గా అర్థం కాదని నా అభిప్రాయం.

నిషేధం అంటే ఆ కాలంలో ఆడాల్సినవాళ్లు ఆడలేకపోవడం ఒక్కటే కాదు. కుర్రాడికి ఆట నేర్పడానికి నాన్న ఉంటాడు, బాబాయి ఉంటాడు, వీధి చివర ఒకప్పుడు క్లబ్‌లో ఆడిన పెద్దాయన ఉంటాడు. ఆడపిల్లకు అలాంటి అమ్మ, అత్త, పక్కింటి ఆంటీ ఒక్కరూ లేకుండా చేసింది ఆ చట్టం. కోచ్‌లు లేరు, జూనియర్ జట్లు లేవు, అమ్మాయిల ఆట చూసి ఎంపిక చేసే కన్ను లేదు. చట్టాన్ని ఒక్క సంతకంతో తీసేయొచ్చు. పోయిన రెండు తరాలను అలా తిరిగి తేలేం. ఇంట్లో అన్నలు కూడా తను ఫుట్‌బాల్ ఆడుతుంటే ఒప్పుకునేవాళ్లు కాదని, దెబ్బలు కూడా తిన్నానని ఫోర్మిగా ఇంటర్వ్యూల్లో చెప్పింది. నిషేధం పోయినా ఆ ఆలోచన ఇంట్లోనే కూర్చుని ఉందన్నమాట.

బ్రెజిల్‌లోనే ఇలా జరిగిందని అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో 1921 నుంచి దాదాపు యాభై ఏళ్లు, పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 దాకా ఫుట్‌బాల్ సంఘాలే ఆడవాళ్లకు తలుపులు మూసేశాయి. కాకపోతే అక్కడ మూసింది సంఘాలు, ఇక్కడ సాక్షాత్తూ ప్రభుత్వం. పైగా జర్మనీ కన్నా దాదాపు పదేళ్లు ఆలస్యంగా తెరిచారు. ఆ పదేళ్ల తేడా ఎంతదో 2007లో తెలిసింది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

1991లో మొదటి మహిళల ప్రపంచకప్ జరిగింది. 2019 దాకా జరిగిన వాటిలో ఫోర్మిగా ఆడనిది ఆ ఒక్కటే. 1995లో స్వీడన్‌లో రెండోది జరిగేనాటికి ఆమెకు 17 ఏళ్లు. ఆ తరం వాళ్లు పురుషుల జట్టు వాడి వదిలేసిన జెర్సీలు తొడుక్కుని ఆడామని చెప్పుకున్నారు. ఒళ్లు కనపడనంత వదులు జెర్సీల్లో ప్రపంచకప్ ఆడిన ఆ అమ్మాయిలను తలచుకుంటే నాకు కోపమూ గర్వమూ రెండూ కలుగుతాయి.

మధ్యలో నిలబడే మనిషి చేసే పని

ఫుట్‌బాల్‌ని గోల్స్‌తో చూడటం మనకు అలవాటు. స్కోరు కింద పేర్లు వస్తాయి, హైలైట్స్‌లో ఆఖరి కిక్ వస్తుంది. ఆ లెక్కన చూస్తే ఫోర్మిగా ఎప్పుడూ పక్కనే ఉండిపోతుంది.

ఆమె ఆడిన చోటుని బ్రెజిల్‌లో వొలాంచీ అంటారు. 1930ల చివర్లో ఫ్లమెంగో క్లబ్‌కు వచ్చి ఆడిన కార్లోస్ వొలాంతే అనే అర్జెంటీనా ఆటగాడి పేరే ఆ స్థానానికి స్థిరపడిపోయిందని చెబుతారు. అదే మాటకు పోర్చుగీసులో స్టీరింగ్ అనే అర్థం కూడా ఉంది. ఆ పనికి అంతకన్నా తగిన పేరు దొరకదేమో. డిఫెండర్లకు ముందు, ఫార్వర్డ్‌లకు వెనక, జట్టు నడుమ నిలబడే మనిషి ఆమె. అవతలి జట్టు పాస్ ఇవ్వబోయే దారిలో ముందే వెళ్లి నిలబడాలి. ఇద్దరు ఎగిరి తలతో కొట్టుకున్నాక కింద పడే బంతి ఎటు పడుతుందో పసిగట్టాలి. దొరికిన బంతిని గొప్పలకు పోకుండా దగ్గర్లో ఉన్న మంచి మనిషికి ఇచ్చేయాలి. మైదానం మధ్యలో చీమ చిటుక్కుమన్నా ఆమెకు తెలియాలి.

బ్రెజిల్ జట్టులో ఈ పని ఇంకా బరువు. ఆ దేశపు ఆటలో ఫుల్‌బ్యాక్‌లు, అంటే రెండు అంచుల్లో ఆడే డిఫెండర్లు, వెనకే ఉండిపోరు, పక్కనుంచి ముందుకు దూసుకుపోతారు. వాళ్లు వెళ్లినప్పుడు వెనక పడే ఖాళీని ఎవరో ఒకరు కాయాలి. ముందు మార్తా, క్రిస్టియానే లాంటి వాళ్లు ఉన్నప్పుడు వాళ్ల కాళ్లను దాడి కోసం దాచుకోవడమే తెలివి, బంతి పోయిన ప్రతిసారీ వెనక్కి పరుగెత్తమని వాళ్లకు చెప్పరు. వాళ్లు మిగుల్చుకున్న ఆ పరుగులన్నీ ఫోర్మిగా పరుగెత్తింది. మార్తా స్వేచ్ఛగా ఆడింది అని రాస్తుంటారు. ఆ స్వేచ్ఛ ఖరీదు ఎవరు కట్టారో కూడా రాయాలి.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ 2015 ప్రపంచకప్‌లో మాంట్రియల్‌లో దక్షిణ కొరియాతో జరిగిన మ్యాచ్. 33వ నిమిషంలో కొరియా డిఫెండర్ తన గోల్‌కీపర్ వైపు బలహీనంగా ఒక పాస్ ఇచ్చింది. ఆ పాస్ అలాగే వస్తుందని ముందే ఊహించినట్టు ఫోర్మిగా మధ్యలో దూరింది, గోల్ కొట్టింది. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు. మహిళల ప్రపంచకప్‌లో గోల్ కొట్టిన అందరిలోకీ పెద్ద వయసు ఆమెదే. రెండో సగంలో గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్‌లోకి చొచ్చుకెళ్లిన ఆమెను కొరియా క్రీడాకారిణి పడగొట్టింది. రిఫరీ పెనాల్టీ ఇచ్చింది. దాన్ని మార్తా గోల్ చేసింది. అది మార్తాకు ప్రపంచకప్‌ల్లో 15వ గోల్, దాంతో ఆమె జర్మనీ స్ట్రైకర్ బిర్గిట్ ప్రింట్స్‌ను దాటి రికార్డు సాధించింది. మర్నాటి వార్తలన్నీ ఆ రికార్డు గురించే. రికార్డు మార్తాదే, అందులో సందేహం లేదు. ఆ పెనాల్టీ సంపాదించింది మాత్రం ఫోర్మిగా. ఆమె కెరీర్ అంతటినీ ఒక్క మ్యాచ్‌లో చూపించమంటే నేను ఇదే చూపిస్తాను.

ఆమె ఉన్నప్పుడు ఏం జరిగిందో చూడటం కన్నా లేనప్పుడు ఏం జరిగిందో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 2019 జూన్ 13న మాంట్‌పెలియేలో బ్రెజిల్, ఆస్ట్రేలియా ఆడాయి. బ్రెజిల్ 2-0 ముందంజలో ఉండగా మొదటి సగం ముగుస్తుందనగా ఆస్ట్రేలియా ఒక గోల్ తిరిగిచ్చింది. విరామంలో మార్తాతో పాటు ఫోర్మిగాను కూడా మార్చేశారు. రెండో సగంలో ఆస్ట్రేలియా ఇంకో రెండు గోల్స్ చేసి 3-2తో గెలిచింది. ఒక మ్యాచ్ ఓడిపోవడానికి ఒకే కారణం ఉండదు, ఆ గోల్స్‌లో ఒకటి బ్రెజిల్ డిఫెండర్ తల తగిలి సొంత గోల్‌లోకి పోయింది కూడా. అయినా 41 ఏళ్ల మనిషి బెంచి మీద కూర్చోగానే నడుమ భాగం తెరుచుకుపోయిందంటే, ఆ మనిషి అప్పటిదాకా అక్కడ ఏం పట్టుకుని ఉందో ఆలోచించాలి.

ఆమె ఎప్పుడూ వెనకే ఉండిపోయే క్రీడాకారిణి కాదు. తొలి పదిహేనేళ్లలో రెండు బాక్స్‌ల మధ్య తిరుగుతూ ఆడింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో జర్మనీ ముందు గోల్ చేసింది. మొదటి సగం ముగియబోతుండగా 43వ నిమిషంలో సమం చేసింది ఫోర్మిగాయే. ఆ తర్వాత బ్రెజిల్ 4-1తో గెలిచింది. వయసు పెరిగేకొద్దీ ఆమె మైదానంలో కొంచెం కొంచెంగా వెనక్కి జరిగింది. వింగర్‌కి వేగం తగ్గితే ఆట అయిపోయినట్టే. నడుమ ఆడేవాళ్లకు మాత్రం కాలి వేగం తగ్గినా చూపు వేగం పెరుగుతుంది. ఐదు గజాలు ముందే సరైన చోట నిలబడితే పది గజాలు పరుగెత్తక్కర్లేదు. 43 ఏళ్ల దాకా ఎలా ఆడింది అనే ప్రశ్నకు సగం జవాబు ఇదే.

మిగతా సగం జవాబు అంత తీపి కాదు

మహిళల ఫుట్‌బాల్‌లో దేశం తరఫున ఆడిన మ్యాచ్‌ల సంఖ్యలు చూస్తే పురుషుల సంఖ్యలు చిన్నవిగా కనిపిస్తాయి. అమెరికా మిడ్‌ఫీల్డర్ క్రిస్టీన్ లిల్లీ 354 మ్యాచ్‌లు ఆడింది. పురుషుల్లో ఎవరూ 250 కూడా చేరలేదు. ఫోర్మిగా కూడా 200 దాటేసింది. ఆడవాళ్లకు ఇన్ని అంతర్జాతీయ మ్యాచ్‌లు ఎలా వచ్చాయి?

పురుషులకు క్లబ్బే జీతం, క్లబ్బే జీవితం, దేశం జట్టు ఏడాదికి కొన్ని వారాలు. ఆడవాళ్లకు చాలాకాలం దీనికి తలకిందులు. సరైన లీగ్ లేదు కాబట్టి దేశం జట్టే క్లబ్ పాత్ర పోషించింది. శిబిరాలు, టోర్నీలు, స్నేహపూర్వక మ్యాచ్‌లు అన్నీ దాని చుట్టే. 2015లో బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య ఏకంగా శాశ్వత జాతీయ జట్టు పెట్టి, క్రీడాకారిణులకు తనే జీతాలిచ్చి శిబిరంలో ఉంచింది. బయటికి అది మంచి ఏర్పాటులా కనిపిస్తుంది. నిజానికి క్లబ్బులు చేయాల్సిన పని చేయడం లేదని ఒప్పుకోవడమే అది.

ఫోర్మిగా క్లబ్ కెరీర్ చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. 1990ల్లో సావో పాలో, తర్వాత బ్రెజిల్‌లోనే చిన్నా పెద్దా క్లబ్బులు, 2004లో స్వీడన్‌లోని మాల్మో, ఆ తర్వాత అమెరికా, మళ్లీ బ్రెజిల్, మళ్లీ అమెరికా, మళ్లీ బ్రెజిల్. ఈ జాబితా చూసి నిలకడ లేని మనిషి అనుకుంటే పొరపాటు. నిలకడ లేనిది ఆమెకి కాదు, ఆమె అడుగు పెట్టిన నేలకి. అమెరికాలో మొదటి ప్రొఫెషనల్ మహిళల లీగ్ 2001లో మొదలై 2003 ప్రపంచకప్‌కు కొద్దిరోజుల ముందు ఆగిపోయింది. 2009లో రెండో లీగ్ వచ్చింది, అదీ మూడు సీజన్లకే ఆగిపోయింది. ఫోర్మిగా 2009లో ఆడిన ఎఫ్‌సీ గోల్డ్ ప్రైడ్ జట్టు మరుసటి ఏడాది ఆ లీగ్‌లో చాంపియన్ అయింది, అదే ఏడాది మూతపడింది. కప్పు గెలిచిన జట్టుకే జీతాలకు డబ్బుల్లేకపోతే ఇక ఓడిన జట్ల సంగతి చెప్పేదేముంది?

సొంత దేశంలో పరిస్థితి ఇంకా అన్యాయం. ప్రపంచానికి ఫుట్‌బాల్ నేర్పామని చెప్పుకునే బ్రెజిల్‌లో మహిళల జాతీయ లీగ్ 2013లో గానీ మొదలవలేదు. అప్పటికి ఫోర్మిగా ఐదు ప్రపంచకప్‌లు, ఐదు ఒలింపిక్స్ ఆడేసింది. పురుషుల అగ్రశ్రేణి క్లబ్బులన్నీ మహిళల జట్టు పెట్టి తీరాలన్న నిబంధన 2019లో అమల్లోకి వచ్చింది. పురుషుల, మహిళల జాతీయ జట్లకు రోజువారీ భత్యం సమానంగా ఇస్తామని సమాఖ్య ప్రకటించింది 2020 సెప్టెంబర్‌లో. అప్పటికి ఆమె వయసు 42.

ఇప్పుడు 2007కి వద్దాం. చైనాలో జరిగిన ఆ ప్రపంచకప్ సెమీఫైనల్లో బ్రెజిల్ అమెరికాను 4-0తో చిత్తు చేసింది. అమెరికా 51 మ్యాచ్‌ల నుంచి ఓటమి ఎరగకుండా వస్తోంది. ఫైనల్లో ఎదురు నిలిచింది జర్మనీ. 1990 నుంచి బుండెస్‌లిగా పేరుతో మహిళల జాతీయ లీగ్ నడుపుతున్న దేశం అది. బ్రెజిల్ 2-0తో ఓడింది. మార్తా పెనాల్టీ కూడా ఆగిపోయింది. మెడల్స్ తీసుకునేటప్పుడు బ్రెజిల్ అమ్మాయిలు ఒక బ్యానర్ పట్టుకున్నారు. మాకు అండ కావాలి అని తమ దేశాన్ని అడుగుతూ పోర్చుగీసులో రాసిన బ్యానర్ అది. ప్రపంచంలో రెండో స్థానంలో నిలిచిన జట్టు, పోడియం దగ్గర నిలబడి తన సొంత దేశాన్ని అడుక్కోవాల్సి వచ్చింది.

నైపుణ్యం ఒక మ్యాచ్‌ని 4-0తో గెలిపిస్తుంది. టోర్నీ ఆఖరి మెట్టు దగ్గర మాత్రం బెంచి మీద ఎవరున్నారు, వాళ్లు వారం వారం ఎక్కడ ఆడి వచ్చారు అనేదే పైచేయి అవుతుంది. బ్రెజిల్ పోగొట్టుకున్న ఫైనల్స్ చూడండి. 2004 ఏథెన్స్‌లో అమెరికా చేతిలో 2-1, ఎక్స్‌ట్రా టైమ్‌లో 112వ నిమిషంలో. 2008 బీజింగ్‌లో మళ్లీ అమెరికా చేతిలో 1-0, ఇదీ ఎక్స్‌ట్రా టైమ్‌లోనే. తొంభై నిమిషాల్లో ఓడని జట్టు, ఆ తర్వాతి అరగంటలో రెండుసార్లు ఓడింది. ఇది దురదృష్టం మాత్రమే అంటే నేను ఒప్పుకోను.

జపాన్ మిడ్‌ఫీల్డర్ హొమారే సావాతో పోలిస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. సావా కూడా 1978లోనే పుట్టింది. ఆమె మొదటి ప్రపంచకప్ కూడా 1995దే. ఆ ఏడాది గ్రూప్ దశలో జపాన్ 2-1తో బ్రెజిల్‌ను ఓడించింది. 2015లో కెనడాలో సావా, ఫోర్మిగా ఇద్దరూ తమ ఆరో ప్రపంచకప్ ఆడారు. ఇద్దరి దారీ అంత దగ్గరగా నడిచింది. అయితే సావా చేతిలో 2011 ప్రపంచకప్ ఉంది. ఆ ఫైనల్లో 117వ నిమిషంలో ఆమె కొట్టిన గోల్‌తోనే జపాన్ స్కోరు సమం చేసి, పెనాల్టీల్లో అమెరికాను ఓడించింది. ఆ టోర్నీలో అత్యధిక గోల్స్ కూడా సావావే. జపాన్‌లో మహిళల లీగ్ 1989లో మొదలైంది. బ్రెజిల్ లీగ్ కన్నా 24 ఏళ్లు ముందు. సావా గొప్పతనాన్ని లీగ్ ఖాతాలో రాయడం నా ఉద్దేశం కాదు, అలాంటి గోల్ ఏ లీగూ నేర్పదు. ఒకరికి కాళ్ల కింద నేల ఉందని, ఇంకొకరికి లేదని చెప్తున్నాను, అంతే.

ఇక రెండో ప్రశ్న. 43 ఏళ్ల మనిషికి జట్టులో చోటు దొరికిందంటే పోటీ లేదా?

2016 డిసెంబర్‌లో ఫోర్మిగా ఒకసారి అంతర్జాతీయ ఫుట్‌బాల్‌కు వీడ్కోలు చెప్పేసింది. అదీ మనౌస్‌లోనే. నెల తిరక్కుండా పారిస్ సెయింట్ జర్మేన్ క్లబ్‌లో చేరింది. 39 ఏళ్లకు ఆ జట్టు తరఫున కార్డిఫ్‌లో యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడింది. ఫ్రాన్స్‌కే చెందిన లియోన్ క్లబ్‌తో ఆ మ్యాచ్ 0-0తో ముగిసి, పెనాల్టీల్లో 7-6తో చేజారింది. ఆ తర్వాత 2021లో పారిస్ జట్టు మొదటిసారి ఫ్రెంచ్ లీగ్ గెలిచింది, అప్పటిదాకా వరుసగా 14 టైటిళ్లు గెలిచిన లియోన్‌ను ఆపి మరీ. ఆ జట్టులోనూ ఆమె ఉంది. యూరప్‌లో పెద్ద జట్లలో ఒకటి, ప్రపంచంలో ఎవరినైనా తెచ్చుకోగల డబ్బున్న క్లబ్, నాలుగేళ్లకు పైగా నడుమ భాగంలో ఆమెను పెట్టుకుంది. కాబట్టి పోటీ లేక ఆడింది అనే మాట ఇక్కడే వీగిపోతుంది.

కానీ బ్రెజిల్ జట్టు కథ వేరు. ఆమె వెళ్లిపోయాక ఆ చోటుకి సరిపడా మనిషి దొరకలేదు. 2018లో కోచ్ వదావ్ ఆమెను వెనక్కి రమ్మని అడిగాడు. వచ్చింది. 2019లో ఏడో ప్రపంచకప్ ఆడింది. ఫ్రాన్స్‌తో ఆఖరి మ్యాచ్ నాటికి ఆమె వయసు 41 దాటింది. మహిళల ప్రపంచకప్‌లో ఆ వయసులో ఆడినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆమె మొదటి ప్రపంచకప్ నాటికి ఇంకా పుట్టని అమ్మాయిలు ఆమె పక్కన ఆడారు. ఆమె ఆటకు ఇది పెద్ద కిరీటమే. ఆ దేశపు వ్యవస్థకు మాత్రం సిగ్గుచేటు. పది పదిహేనేళ్ల వయసు అమ్మాయిలకు మైదానాలు, కోచ్‌లు, లీగులు ఉండి ఉంటే 40 ఏళ్ల మనిషిని రిటైర్మెంట్ నుంచి పిలవాల్సిన పని ఉండేదా? ఈ రెండు నిజాల్లో ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచేస్తే ఆమె కథ సగమే అవుతుంది. చాలా కథనాలు కిరీటం దగ్గరే ఆగిపోతాయి. వయసు ఒక అంకె మాత్రమే అని మెచ్చుకుని ఊరుకుంటాయి. ఆ అంకె వెనక ఎన్ని మూసిన తలుపులున్నాయో అడగరు.

మనౌస్‌లో ఆ ఆఖరి సాయంత్రం గురించి ఇంకొక్క సంగతి. 1995లో స్వీడన్‌లో జరిగిన ప్రపంచకప్‌లో బ్రెజిల్ తన మొదటి మ్యాచ్‌లో ఆతిథ్య జట్టునే 1-0తో ఓడించింది. 17 ఏళ్ల ఫోర్మిగా బ్రెజిల్ జట్టులో ఉంటే, అవతల స్వీడన్ జట్టులో పియా సుంధాగే అనే సీనియర్ ఉంది. తర్వాత సుంధాగే కోచ్ అయింది. 2008 ఒలింపిక్ ఫైనల్లో బ్రెజిల్‌ను ఓడించిన అమెరికా జట్టు కోచ్ ఆమే. 2011 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో 122వ నిమిషంలో స్కోరు సమం చేసి, పెనాల్టీల్లో బ్రెజిల్‌ను ఇంటికి పంపిన అమెరికా జట్టు కోచ్ కూడా ఆమే. 2016లో రియో ఒలింపిక్స్ సెమీఫైనల్లో బ్రెజిల్ సొంతగడ్డ మీద పెనాల్టీల్లో గెలిచిన స్వీడన్‌కీ ఆమే కోచ్. ఫోర్మిగా ఆశలు కూలిన ఆ మూడుసార్లూ అవతలి టచ్‌లైన్ దగ్గర ఒకే మనిషి ఉంది.

2019లో బ్రెజిల్ ఆ సుంధాగేనే తన కోచ్‌గా తెచ్చుకుంది. ఏడో ఒలింపిక్స్‌కు ఫోర్మిగాను టోక్యో తీసుకెళ్లింది ఆమే. 2021 నవంబర్ 25న భారత్‌తో మ్యాచ్ రెండో సగంలో, బెంచి మీద కూర్చున్న చీమను లేపి చివరిసారి మైదానంలోకి పంపింది కూడా ఆమే.